ఎడమ చక్రం కింది చప్పుడు

నా కారును ఎవరైనా ఒక్క మాట అంటే నాకు ఒళ్ళు మండుతుంది. నన్ను అంటే పడతాను. నా వంటను అంటే నవ్వి ఊరుకుంటాను. కారును అంటే మాత్రం నాలుగు రోజులు ఆ మనిషితో ముభావంగానే ఉంటాను. నలభై మూడేళ్ళ వయసులో స్టీరింగు పట్టినదాన్ని నేను. అంతకు ముందు కాజీపేటలోని మా ఇంటి నుంచి నర్సంపేట అవతల ఉన్న మా బడికి రెండు బస్సులు, ఒక ఆటో మారి పోయేదాన్ని. ఈ తెల్ల కారును సెకండ్ హ్యాండులో కొన్నాకే పొద్దున పూట నిమ్మళంగా కూర్చుని చాయ్ తాగడమనే సుఖం ఒకటి ఉందని నాకు తెలిసింది.

కాబట్టి దాని ముందు చక్రం దగ్గర చప్పుడు మొదలైనప్పుడు నేను వినలేదు. వినపడక కాదు, వినకూడదని గట్టిగా అనుకున్నాను. స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు ఎడమ పక్క కింద నుంచి ‘కటక్’మని ఒక్క దెబ్బ. మొదట్లో ఎప్పుడో ఒకసారి వచ్చేది. వానాకాలం వెళ్ళిపోయేసరికి చిన్న గుంతకు కూడా రావడం మొదలైంది. నేను ఎఫ్ఎం రేడియో గొంతు కొంచెం పెంచాను. నెల తిరిగాక ఇంకొంచెం పెంచాను.

మా ఆయన రైల్వేలో పని చేస్తాడు. స్టేషన్‌లో రైలు ఆగగానే టార్చిలైటు పట్టుకుని పెట్టెల కింద చక్రాలు, స్ప్రింగులు చూసుకుంటూ పోయేవాళ్ళుంటారు కదా, వాళ్ళలో ఒకడు. ఆయన చెవుల నుంచి చప్పుడు దాచడం కష్టం. ఒక ఆదివారం కూరగాయలకని కార్లో తీసుకుపోతే రెండు స్పీడ్ బ్రేకర్లు దాటామో లేదో రేడియో ఆపేశాడు.

"ఎడమ దిక్కు ముంగట ఏదో లూజైంది. షాకప్స్ గూడ పోయినట్టున్నయి. మెకానిక్‌కు సూపియ్యి."

"మీ రైళ్ళు మీరు సూసుకోండ్రి. నా బండి సంగతి నాకెరుక," అన్నాను.

అన్నానే గానీ మనసులో పురుగు తొలిచింది. మా బడిలో తోటి టీచరు ఒకరు ఉపాయం చెప్పారు. స్ప్రింగుల చుట్ల మధ్య రబ్బరు ముక్కలు ఇరికిస్తారట, బండి ఎత్తు లేస్తుంది, అడుగు తగలదు, అన్నీ సర్దుకుంటాయి అని. టైర్ల షాపులో అరగంటలో అయిపోయింది. కారు ముక్కు పైకెత్తి నిలబడితే నాకు ఎంత గర్వమో! స్ప్రింగు మీద బరువు పడితే ఎంత సాగుతుంది, ఎంత కుదించుకుంటుంది అని ఏటేటా పిల్లలకు పాఠం చెప్పేదాన్ని నేనే. ఆ స్ప్రింగు కదలకుండా రబ్బరు దూర్చి డబ్బులు ఇచ్చి వచ్చింది కూడా నేనే. చప్పుడు అలాగే ఉంది, పైగా కుదుపు రెట్టింపైంది. చదువుకున్నవాడికంటే చాకలివాడు మేలని ఊరికే అనలేదు పెద్దలు. అయినా ఒప్పుకుంటే నేనెందుకవుతాను?

దసరా పోయిన పది రోజులకు అమ్మ పడింది. అమ్మ నెక్కొండ దగ్గర మా తమ్ముడి వద్ద ఉంటుంది. వాకిట్లో నీళ్ళ తొట్టి దగ్గర కాలు జారి ఎడమ పక్కకు పడింది. తుంటి ఎముక విరిగింది. హనుమకొండలో ఆపరేషన్ చేసి, విరిగిన చోట లోహపు గుండు ఒకటి పెట్టారు. దవాఖానకు దగ్గరని మా ఇంటికే తెచ్చుకున్నాను. పంపించేటప్పుడు డాక్టరు అమ్మ మంచం పక్కనే నిలబడి జాగ్రత్తలు చెప్పాడు. కింద కూర్చోవద్దు, కాలు మీద కాలు వేయొద్దు, గుండు పక్కకు జారిందంటే మళ్ళీ ఆపరేషన్. నన్ను బయటికి పిలిచి ఇంకో మాట చెప్పాడు. ఈ రెండు నెలల్లో నడిపిస్తేనే నడుస్తుంది, మంచానికి అలవాటు పడితే ఈ వయసులో ఇక లేవడం కష్టం అని.

అమ్మ నడుస్తుందా, మంచాన పడుతుందా? ఆ రెండు నెలలూ నాకు వేరే ఆలోచన లేదు. సోమ, బుధ, శుక్రవారాలు సాయంత్రం ఫిజియోథెరపీ. బడి నుంచి వచ్చీ రాగానే అమ్మను వాకర్ మీద మెల్లగా వాకిట్లోకి తెచ్చి, ముందు సీటును వెనక్కి వాల్చి, నడుము కింద దిండు పెట్టి కూర్చోబెట్టేదాన్ని. కాజీపేట బ్రిడ్జి మీదుగా హనుమకొండ దాకా ఎన్ని స్పీడ్ బ్రేకర్లున్నాయో లెక్క తెలియదు గానీ ఎక్కడెక్కడున్నాయో నా నడుముకు తెలుసు.

మొదటి రోజే గమనించాను. బండి ఎత్తు ఎక్కుతుందనగా అమ్మ కళ్ళు మూసుకుని ఎడమ తుంటి మీద అరచేయి అదిమిపెట్టేది. కటక్‌మనేది. అమ్మ పెదవి కొరుక్కునేది.

"ఏమన్న సప్పుడైందా బిడ్డా?"

"ఏం సప్పుడు? నాకైతే ఏం వినవడలే."

ఎందుకు అలా అన్నానో ఇప్పుడు చెప్పగలను. ఈ బండి పాడైంది, ఇందులో తీసుకుపోతున్నావా నన్ను అని అమ్మ బెదిరిపోతుందని కొంత. అంతకంటే ఎక్కువ, నా బండికి వంక పెట్టించుకోవడం ఇష్టం లేక. బుధవారం మళ్ళీ అడిగింది. "రేడియోల ఏదో మోగుంటది," అన్నాను. శుక్రవారం మూడోసారి అడిగింది. "నీకు చెవులల్ల గాలి దూరుతాంది అమ్మా, జర అద్దం ఎక్కిస్త ఆగు," అన్నాను. ఆ తర్వాత ఇక అడగలేదు. పీడా పోయిందనుకున్నాను.

ఫిజియో చేయించే అమ్మాయి ఓపికమంతురాలు. నాలుగోసారి పోయినప్పుడు నన్ను పక్కకు పిలిచింది.

"మేడమ్, అమ్మమ్మ ఎడమ కాలు మీద బరువు అస్సలే పెడ్తలేదు. వాకర్ మీదనే ఏలాడుతాంది. నొప్పితోని గాదు, భయంతోని."

మా అమ్మకు భయమా? మక్కచేనులో అడవిపందిని డబ్బా కొట్టి తరిమిన మనిషి. ఇంటికొచ్చేటప్పుడు దారి పొడుగునా చివాట్లు పెట్టాను. చిన్న పిల్లలు నయం అన్నాను. అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

తర్వాతి సోమవారం నేను వాకర్ తెచ్చి మంచం ముందు పెడితే చేయి అడ్డం పెట్టింది.

"నేను రాను బిడ్డా. నన్ను ఇడిసిపెట్టు."

"ఎందుకు రావు? నడవద్దా నువ్వు?"

"నడిసి ఏడికి పోవాలె ఇగ."

నాకు కోపం వస్తే నోటికి అడ్డూ అదుపూ ఉండదు. "పడి ఉంట మంచంల అంటవా? నీ ఎనుక తిరుగుడికి నాకు సెలవులు కుప్పలు పోసి లేవు," అని అరిచాను. అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. ఆ మాట అన్నందుకు ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు. మరునాడు బుజ్జగించాను, ఆ మరునాడు బతిమాలాను. అమ్మ మంచం దిగలేదు. స్నానానికి తప్ప కాలు నేలకు ఆనించడం మానేసింది. అలా పన్నెండు రోజులు గడిచాయి. డాక్టరు చెప్పిన రెండు నెలల్లో పన్నెండు రోజులంటే ఎంతో నాకు ప్రతి పొద్దునా గుర్తొచ్చేది.

పన్నెండో రోజు మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విడుస్తూనే అన్నాడు.

"అత్తమ్మ ఇంట్ల మంచిగనే లేసి కూసుంటాంది. నీ కారు పేరెత్తితెనే మొకం తెల్లగైతాంది. ఆమె భయపడేది దవాఖానకు గాదు, నీ బండికి."

తగలాల్సిన చోట తగిలింది. విరిగిన తుంటితో ఉన్న ముసలి మనిషిని, రబ్బరు బిగించిన స్ప్రింగుల మీద ఎత్తెత్తి కుదేస్తూ తిప్పానని, నొప్పి భరించలేకే రానంటోందని అప్పుడు నాకు అర్థమైంది. సగమే అర్థమైందని ఆ తర్వాత తెలిసింది గానీ, మెకానిక్ దగ్గరికి పోవడానికి ఆ సగం చాలింది.

ఆటోనగర్‌లో మా ఆయనకు తెలిసిన భాయ్ ఉన్నాడు. రేకుల షెడ్డు, ముందర ఒక వేపచెట్టు, చెట్టు కింద ఊడదీసిన బండి ఎప్పుడూ ఒకటి. యాభై దాటిన మనిషి. కళ్ళద్దాలకు దారం కట్టి మెడలో వేసుకుంటాడు. అతనొక్కడే పని చేసుకుంటాడు, పక్కన ఎవరైనా మాట్లాడితే చెవి పని చేయదంటాడు. బానెట్ తెరవలేదు, జాకీ పెట్టలేదు. "నడువుండ్రి అక్కా, ఒక చక్కర్ కొట్టొద్దం," అని వచ్చి ఎడమ పక్క ముందు సీట్లో, అమ్మ కూర్చునే చోట కూర్చున్నాడు. రేడియో ఆపేసి, వంగి అరచేతిని కాళ్ళ దగ్గర ఆనించాడు.

"ఈ సప్పుడు ఎన్ని దినాల సంది?"

"ఒక వారం పది రోజుల సంది," అన్నాను. డాక్టరు దగ్గర, మెకానిక్ దగ్గర నిజం చెప్పే మనిషి ఇంకా పుట్టలేదు.

అతను నా వంక చూడలేదు. "పది రోజులల్ల ఇంత గాదు అక్కా," అని మాత్రం అన్నాడు. "డ్రైవర్ సీట్ల కన్న ఈడ కూసున్నోళ్ళకే ఎక్కువ వినవడ్తది. వాళ్ళ కాళ్ళ కింద నుంచే వస్తది. ఈడ ఎవలు కూసుంటరు?"

"మా అమ్మ."

"పెద్దమనిషి. పాపం," అన్నాడు.

షెడ్డుకు వచ్చాక ముందు చక్రాలు ఊడదీశాడు. ఇనుప కడ్డీ ఒకటి చక్రం వెనక దూర్చి ఊపి చూపించాడు. చక్రాన్ని బండికి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ చివర రబ్బరు బుష్ అరిగి, చిట్లి, ఇనుము మీద ఇనుము ఆడుతోంది. కుదుపును మింగే షాకప్ ఒంటి నిండా నూనె కారి దుమ్ము పట్టి ఉంది. చేత్తో అదిమితే లోపలికి పోయింది, తిరిగి పైకి రాలేదు. ఇది చూశాక కుడి పక్కకు వెళ్ళాడు. అక్కడ అరుగుదల ఉంది గానీ ఇంత లేదు. మళ్ళీ ఎడమకు వచ్చి, టైరు లోపలి అంచు మీద వేలు రాస్తూ కాసేపు కూర్చున్నాడు.

"అక్కా, ఏ రోడ్ల తిరుగుతరు మీరు?"

"నర్సంపేట అవతలికి. రోజు."

"వడ్ల మీదికి ఎక్కియ్యరు గద మీరు?"

నేను బిత్తరపోయాను. ఈ మనిషి నా వెనక సీట్లో కూర్చుని వచ్చాడా ఏమిటి అనిపించింది. కోతల కాలంలో ఆ దారిలో సగం రోడ్డు వడ్లదే. తారు మీద పరిచి, చుట్టూ రాళ్ళు పెడతారు. మిగిలిన సగంలో పోయేవాళ్ళూ వచ్చేవాళ్ళూ సర్దుకోవాలి. ఎదురుగా బండి వచ్చిందంటే ఒకరు వడ్ల మీదికి ఎక్కించాలి, లేదంటే ఇంకొకరు రోడ్డు దిగాలి. నేను దిగుతాను. తారు అంచు నుంచి మట్టిలోకి బెత్తెడు లోతు, ఎడమ ముందు చక్రం ముందు పడుతుంది, మళ్ళీ ఎక్కేటప్పుడు అదే అంచుకు కొట్టుకుంటుంది. పొద్దున ఇన్నిసార్లు, సాయంత్రం ఇన్నిసార్లు, ఏటా రెండు కోతలు.

"కోతలైనంక నా దగ్గరికి గిట్లనే వస్తయి బండ్లు," అన్నాడు భాయ్. "ఎడమ కాలు ఇరిగి. లారోళ్ళు దిగరు, హైదరాబాదోళ్ళు దిగరు. ఇంట్ల వడ్లు ఆరబోసినోళ్ళే దిగుతరు. మా బాపు గూడ కౌలు చేసెటోడు అక్కా. నేను గూడ దిగుత."

ఇంట్లో వడ్లు ఆరబోసినవాళ్ళే. నాకు పదేళ్ళున్నప్పుడు ఒక జీపు మా వడ్ల మీదుగా పోయింది. తల మీద తువ్వాల వేసుకుని కాపలా కూర్చున్న అమ్మ లేచి, చెప్పులు లేని కాళ్ళతో కాలే రోడ్డు మీద దాని వెనక ఉరికింది. "నూకలైతే మీ అయ్య కొంటడారా!" అని ఆమె అరిచిన అరుపు నాకిప్పటికీ చెవుల్లో ఉంది. నేను ఈ కారు కొన్న రోజు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాక అమ్మ చెప్పిన జాగ్రత్త కూడా ఒకటే. "నిమ్మకాయల మీదికి ఎక్కియ్యి, గింజల మీదికి మాత్రం ఎక్కియ్యకు." తల్లి మాట జవదాటని కూతురినని అప్పుడప్పుడు గొప్పలు పోతుంటాను. ఆ మాట నిలబెట్టీ నిలబెట్టీ, చివరికి ఆమె కూర్చునే వైపే పాడు చేశానన్నమాట.

"ఎడమ దిక్కే మారిస్తే సరిపోదా భాయ్?"

"ఒక కాలుకు కొత్త చెప్పు, ఇంకో కాలుకు పాత చెప్పు ఏసుకుని నడుస్తరా అక్కా? రెండు దిక్కులు మార్చాలె. పాతయి వట్టి నూనె షాకప్స్. గ్యాస్‌వి ఏస్త, జర గట్టి స్ప్రింగులు ఏస్త. మీరు ఇగ రోడ్డు దిగుడు మానరు గద, దిగినా తట్టుకునేటియి ఏస్త." అంటూనే స్ప్రింగు చుట్లలో ఉన్న నా రబ్బరు ముక్కలను స్క్రూడ్రైవర్‌తో పొడిచి పీకి, వేపచెట్టు మొదట్లోకి విసిరేశాడు. "ఇవి ఎవలు పెట్టిన్రు?"

"ఎవలో," అన్నాను.

రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ మళ్ళీ రెండు బస్సులు, ఒక ఆటో. ఇంతకాలం ఎలా తిరిగానా అని నా మీద నాకే జాలి వేసింది. మూడో రోజు శుక్రవారం. ఒంటిపూట సెలవు పెట్టి ఆటోనగర్ పోయాను. చక్రాలు రెండూ ఒకే తీరుగా చూడాలని అలైన్‌మెంట్ కూడా చేయించి ఉంచాడు. తాళం ఇస్తూ, "రేడియో పెట్టకుండ పోండ్రి," అన్నాడు.

పెట్టకుండానే పోయాను. ఆటోనగర్ గుంతల రోడ్డు మీద మొదటి గుంత వచ్చినప్పుడు అలవాటుకొద్దీ భుజాలు బిగబట్టాను. బండి మెత్తగా దిగి, ఒక్కసారి పైకి లేచి, స్థిమితపడింది. అంతే. చప్పుడు లేదు. తర్వాతి గుంతకూ లేదు. గేరు పక్క గూట్లో పెన్ను దొర్లుతున్న చప్పుడు, నా గాజుల చప్పుడు, ఇన్నాళ్ళూ కారులో ఉండీ నాకు వినపడనివన్నీ వినపడ్డాయి. ఎంత హాయిగా అనిపించిందంటే, కావాలనే నాలుగు గుంతలు వెతుక్కుని మరీ బండిని దింపాను. అమ్మకు ఇక కుదుపు ఉండదు, ఇక వస్తుంది అనుకుంటూ ఇంటికి చేరాను.

అమ్మ రానంది.

"బండి మంచిగ చేపిచ్చిన అమ్మా. ఇగ కుదుపులు ఉండయి. ఒక్కసారి వచ్చి సూడు."

"కుదుపులకేమైంది బిడ్డా, అవెప్పుడు ఉండేటియే," అంది. అప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది. రాలేదు.

చివరికి మా ఆయనే గది గుమ్మం బయట నిలబడి, "అత్తమ్మా, నా కోసం ఒక్కసారి ఎక్కుండ్రి. బాగలేకపోతే ఇగ ఎన్నడు అడగ," అన్నాడు. అల్లుడు నోరు తెరిచి అడిగితే కాదనడం మా అమ్మ తరం వాళ్ళకు రాదు. కొంగు నెత్తి మీదికి లాక్కుని, వాకర్ తెమ్మని నాకు సైగ చేసింది. ఎడమ కాలు నేలకు తగలకుండా, చేతుల మీద ఊగుతూ వచ్చి కూర్చుంది.

రైల్వే క్వార్టర్ల వెనక సందులో మొదటి స్పీడ్ బ్రేకర్ వచ్చింది. అమ్మ కళ్ళు మూసుకుంది. అరచేయి తుంటి మీదికి పోయింది. బండి ఎక్కి దిగింది. ఏమీ కాలేదు. ఇంకొంచెం ముందుకు పోతే రెండోది. ఎక్కి దిగింది. అమ్మ కళ్ళు తెరిచి నా కాళ్ళ వైపు, తన కాళ్ళ వైపు చూసింది.

"ఆగు."

"ఏమైంది అమ్మా? నొప్పైందా?"

"ఎనుకకు పో. మల్ల ఎక్కియ్యి."

ఏమీ అర్థం కాలేదు. రివర్సులో దాటి, మళ్ళీ ముందుకు ఎక్కించాను. అమ్మ తల వంచి వింటోంది. "ఇంకోసారి. జర జోరుగ," అంది. వెనక స్కూటర్ మీద వచ్చినాయన ఆగి, మాకు పిచ్చిపట్టిందేమో అన్నట్టు చూసి, పక్క నుంచి పోయాడు. మూడోసారి జోరుగానే ఎక్కించాను. బండి లేచి, మెత్తగా కూర్చుంది.

"సప్పుడు వస్తలేదు," అంది అమ్మ.

"మార్పిచ్చిన గద. ఎడమ దిక్కు మొత్తం అరిగిపోయిందట. కటకట అని ఆర్నెల్ల సంది మొత్తుకుంటాంది." పొరపాటున నిజం నోట్లోంచి జారింది.

అమ్మ నా వైపు తిరిగింది.

"సప్పుడు బండిదా?"

"మరి ఎవలది?"

అమ్మ చేయి ఇంకా తుంటి మీదే ఉంది. ఆ చేతిని చూసేసరికి మిగతా సగం అర్థం కావడం మొదలైంది. బండిని పక్కకు ఆపాను.

"నువ్వు లేదంటివి గదనే," అంది అమ్మ. "మూడు సార్లు అడిగిన. నాకు వినవడ్తలేదు, చెవులల్ల గాలి అంటివి. నీకు వినవడకుండ నాకే వినవడుతాందంటే నా లోపలిదే అనుకున్న. డాక్టర్ చెప్పె గద గుండు జారుతదని. జారింది, కటకట కొట్టుకుంటాంది అనుకున్న. కాలు కింద పెడితే మొత్తానికే ఊడుతదేమోనని..."

"నాకు చెప్పొద్దా అమ్మా!"

"చెప్తే ఏం చేస్తవు? మల్ల దవాఖాన, మల్ల కోసుడు, నువ్వు మల్ల సెలవులు పెట్టుడు. నువ్వు పరేషానైతవని చెప్పలే."

"నువ్వు భయపడతవని నేను చెప్పలే," అన్నాను. అని ఊరుకోలేకపోయాను. "అది గూడ అబద్ధమే అమ్మా. నా బండిని ఎవలన్న ఏమన్న అంటరని చెప్పలే."

నవ్వింది ముందు అమ్మే. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వింది. నేనేమో వెక్కి వెక్కి ఏడ్చాను. పదకొండు కిలోమీటర్లు... కాదు, అబద్ధాలిక వద్దు, అక్కడి నుంచి దవాఖాన ఎంత దూరమో నాకు సరిగ్గా తెలియదు గానీ, ఎంత దూరమైనా ఆ రోజు నేను నడిచైనా పోగలిగేదాన్ని. నా తల్లి లోపల ఏదీ ఊడలేదు. ఊడింది నా బండిది, దాన్ని భాయ్ బిగించాడు. ఇంత చిన్న సంగతి తెలియక ఒక మనిషి రెండు వారాల పైన కాలు కదపకుండా, తన లోపలి గుండు ఊడిపోతోందని అనుకుంటూ పడుకుంది. సిగ్గేసింది, భయమేసింది, అన్నింటికంటే ఎక్కువగా బతికిపోయామనిపించింది.

కళ్ళు తుడుచుకుని బండి తీశాను. బ్రిడ్జి ఎక్కాక అమ్మ అడిగింది.

"మంచి బండేనాయె, గంతగనం ఎట్ల ఖరాబైంది?"

"నీ మాట వినుడుతోనే. వడ్ల మీదికి ఎక్కియ్యకుండ రోడ్డు దిగి దిగి."

పశ్చాత్తాపం పడుతుందేమో అనుకున్నాను. "మంచి పని చేసినవ్," అంది, సీటులో సర్దుకుని కూర్చుంటూ.

ఫిజియో అమ్మాయి మమ్మల్ని చూడగానే నడుము మీద చేతులు పెట్టుకుంది. ఎన్ని రోజులైంది మేడమ్ అని నా మీద కేకలేసింది. పడ్డాను. అమ్మను బల్ల మీద పడుకోబెట్టి తుంటి చుట్టూ నొక్కి చూసింది, కాలు లేపి, వంచి, పక్కకు తిప్పి చూసింది. గుండు ఉండాల్సిన చోటే ఉంది, కండలే పడుకున్నాయి అంది. అమ్మ ఆ మాటను రెండోసారి చెప్పించుకుంది. తర్వాత వాకర్ తెప్పించుకుని, ఎవరూ అడగకముందే లేచి నిలబడింది.

ఎడమ పాదాన్ని ముందు వేళ్ళ మీద ఆనించింది. తర్వాత మడమ ఆనించింది. చేతుల మీది బరువును మెల్లగా కాలి మీదికి వదిలింది. కాలు వణికింది గానీ నిలిచింది. అమ్మ నుదుటి మీద చెమట పట్టింది.

"నొప్పి లేస్తాందా అమ్మా?" అన్నాను.

"లేస్తాంది. దాచుడెందుకు, బాగనే లేస్తాంది," అంది. వాకర్‌ను ముందుకు జరిపింది. "నొప్పే గద బిడ్డా, ఇంకోటి గాదు గద," అంటూ రెండో అడుగు వేసింది.